గుడి పక్క ఊరు

నాగార్జునకొండ జాడ చెప్పిన బడిపంతులు సూరపరాజు వెంకటరామయ్య గారి స్మృతికి

1926. పల్నాడులో, కృష్ణ ఒడ్డున కొండల నడుమ ఉన్న ఒక లోయలో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు కంట పాతకాలపు రాతి స్తంభం ఒకటి పడింది. అలాంటి రాళ్లు పల్లెల్లో చాలామంది కంట పడుతూనే ఉంటాయి. గడపకు సరిపోతుందనో, రేవులో బట్టలు ఉతకడానికి బాగుంటుందనో బండి కట్టి తెచ్చుకుంటారు. ఆ పంతులుగారు మాత్రం మద్రాసు ప్రభుత్వానికి కబురు చేశారు. శాసనాల విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న సరస్వతి గారు వచ్చి చూశారు. నాగార్జునకొండ అలా లోకానికి తెలిసింది.

మొదట పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వించారు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయ అంతా గాలించారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, మహాచైత్యం, విహారాలు, మెట్ల వరుసలున్న రంగస్థలం బయటపడ్డాయి. అంత తొందరగా తవ్వడానికి కారణం ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని అప్పటికే తేలిపోయింది. కొన్ని కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండ మీదికి, అనుపుకు చేర్చి మళ్లీ నిలబెట్టారు. ఆ రాళ్లను చూడటానికి ఇవాళ జనం లాంచీ ఎక్కి వెళ్తున్నారు. ఆ లోయలో పొలం దున్నుకున్న కుటుంబాలు వేరే చోటికి తరలిపోయాయి. రాళ్లు ఏవి ఎక్కడికి చేరాయో పుస్తకాల్లో ఉంది. ఆ మనుషులు ఏమయ్యారని అడిగే యాత్రికులు అరుదు.

పంతులుగారి పేరు మీద మాట్లాడుకోవలసింది ఈ మనుషుల గురించే. ప్రాచీన స్థలాన్ని మొదట చూసేది ఊరివాడు. దానిమీద వచ్చే రాబడిలో చిట్టచివరి చిల్లర దక్కేదీ ఊరివాడికే. ఈ వరస తిరగబడిన చోట్లు ఉన్నాయి. అక్కడ ఊరూ బాగుపడింది, రాయీ నిలబడింది. ఎలా జరిగిందో చెప్పడమే ఈ ఉపన్యాసం పని.

రూపాయి పోయే దారి

చూడటానికి వచ్చినవాళ్ల జేబులోని రూపాయి ఏ దారిన పోతుందో గమనిస్తే సంగతి తేలుతుంది. కేంద్ర పురావస్తు శాఖ చేతిలోని ప్రపంచ వారసత్వ స్థలాల్లో టికెట్టు పెట్టిన చోట భారతీయులకు 40 రూపాయలు, విదేశీయులకు 600. ఆ డబ్బు కేంద్ర ఖజానాకు చేరుతుంది. బస్సు నగరానిది. బస నగరంలో. భోజనం జిల్లా కేంద్రంలోని హోటల్లో, లేదా అక్కడి నుంచి కట్టించుకుని తెచ్చిన పొట్లాల్లో. గైడు కూడా చాలాసార్లు పక్క పట్నం మనిషే. బస్సు రెండు గంటలు ఆగి వెళ్లిపోతుంది. ఊరికి మిగిలేది సోడా డబ్బులు, జామకాయల డబ్బులు, చెప్పులకు కాపలా కాసినందుకు ఇచ్చే చిల్లర.

ఇక చట్టం. 1958 నాటి ప్రాచీన స్మారకాల చట్టానికి 2010లో సవరణ వచ్చింది. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ పైన మరో 200 మీటర్లలో ఏది కట్టాలన్నా అనుమతి కావాలి. కేంద్రం రక్షణలో ఉన్న 3,600కు పైగా స్మారకాలన్నిటికీ ఇదే లెక్క. ఈ చట్టం అవసరం. అది లేకపోతే ఎన్నో కోటగోడలు ఈపాటికి అపార్టుమెంట్ల పునాదుల్లో కలిసిపోయేవి. కానీ నగరంలో 300 మీటర్లంటే ఒక వీధి, పల్లెలో 300 మీటర్లంటే ఊరు ఊరంతా. కొడుక్కి పెళ్లయితే ఒక గది వేసుకోవాలన్నా, పెంకులు తీసి డాబా వేసుకోవాలన్నా ఆ కుటుంబం కాగితాలు పట్టుకుని పట్నానికి తిరగాలి. గుడి తమదని తాతల కాలం నుంచి అనుకున్నవాళ్లకు, గుడి వల్ల తమ ఇల్లు తమది కాకుండా పోతోందనిపిస్తుంది. అలా అనిపించిన ఊరు ఏ కంచెనూ కాపాడదు.

హంపి బజారు

తెలుగువారికి హంపి పరాయి చోటు కాదు. రాయలు, పెద్దన, భువనవిజయం అనగానే మనసు తుంగభద్ర ఒడ్డుకు వెళ్తుంది. 1986లో అది ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఏటి మీద కడుతున్న వంతెనల వల్ల 1999లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలోకి జారి, 2006లో బయటపడింది. ఈలోగా 2002లో కర్ణాటక ప్రభుత్వం హంపి కోసమే ఒక చట్టం చేసి నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసింది. దాని పరిధిలో 29 గ్రామాలున్నాయి. అంటే హంపి ఖాళీ శిథిలం కాదు. వరి, చెరకు, అరటి పండే పొలాల మధ్య, మనుషులు కాపురముంటున్న ఊళ్ల మధ్య ఉన్న రాజధాని. విజయనగర రాజులు తవ్వించిన కాలువల్లో నేటికీ నీళ్లు పారుతున్నాయి. ఆ నీటితోనే ఆ పొలాలు పచ్చగా ఉన్నాయి.

విరూపాక్షాలయం గోపురం ముందు సుమారు 730 మీటర్ల పొడవున సాగే వీధిని హంపి బజారు అంటారు. రెండు పక్కలా రాతి మండపాలు. కాలక్రమాన ఆ మండపాల్లోనూ వాటి ముందూ కుటుంబాలు స్థిరపడ్డాయి. టీ కొట్లు, బట్టల కొట్లు, పుస్తకాల కొట్లు, గదులు అద్దెకిచ్చే ఇళ్లు వచ్చాయి. స్తంభాల మధ్య ఇటుక గోడలు లేచాయి, రాతికి మేకులు దిగాయి. కట్టడానికి హాని జరిగిన మాట నిజం. 2011 జులైలో, హైకోర్టు ఆదేశం మీద, బుల్డోజర్లు వచ్చాయి. మూడు వందలకు పైగా కుటుంబాలు ఆ వీధి ఖాళీ చేశాయి. వాళ్లకు కొన్ని కిలోమీటర్ల అవతల కడ్డీరాంపురలో స్థలాలు చూపించారు. బజారు మళ్లీ రాతి మండపాల వరుసగా మిగిలింది. చరిత్ర ప్రియులు ఊపిరి పీల్చుకున్నారు. గుడి ముందు కూర్చుని బతికిన మనిషికి గుడి కనబడని చోట ఇల్లు దొరికితే ఏం అమ్మాలి, ఎవరికి అమ్మాలి? ఆ ప్రశ్నకు జవాబు దొరక్కముందే గోడలు పడిపోయాయి.

2020లో ఏటి నడుమ ఉన్న విరూపాపురగడ్డిలోనూ ఇదే జరిగింది. అనుమతి లేకుండా వెలసిన రిసార్టులు, గెస్ట్‌హౌస్‌లు సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నేలమట్టమయ్యాయి. ఈ రెండు చోట్లా తప్పు ఒక్క రోజులో జరగలేదు. ఏళ్ల తరబడి ఎవరూ ఊరివాళ్లతో కూర్చుని ఇక్కడ ఏది చేయొచ్చో ఏది చేయకూడదో మాట్లాడలేదు. మాట్లాడవలసిన చోట మౌనం పెరిగింది, ఆఖరికి యంత్రం మాట్లాడింది.

ఏరు దాటితే ఆనెగొంది

అదే తుంగభద్రకు ఉత్తరపు ఒడ్డున, కొప్పళ జిల్లాలో, ఆనెగొంది ఉంది. హంపి కంటే పాత ఊరు. రామాయణంలోని కిష్కింధ ఇదేనని ఆ ప్రాంతం నమ్మకం. ఆంజనేయుడు పుట్టాడని చెప్పుకునే అంజనాద్రి దగ్గర్లోనే ఉంది. విజయనగరాన్ని ఏలిన అరవీటి వంశీకుల కుటుంబం ఇప్పటికీ ఊళ్లో ఉంది. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఇక్కడ ఏరు దాటించే గుండ్రటి పుట్లను వర్ణించాడు. బెత్తంతో అల్లి, పైన తోలు కప్పిన బుట్టల్లాంటి పడవలు. తోలు పోయి ప్లాస్టిక్ పట్టా వచ్చిందే గానీ, అక్కడ పుట్టి నడిపేవాడు ఐదు వందల ఏళ్లుగా నడుస్తున్న వృత్తిలోనే ఉన్నాడు. దాన్ని మించిన వారసత్వం ఏ మ్యూజియంలో దొరుకుతుంది?

1997లో శమా పవార్ అనే చిత్రకారిణి ఈ ఊళ్లో కిష్కింధ ట్రస్టు మొదలుపెట్టారు. యాత్రికులకు ఏం చూపించాలన్న ప్రశ్నను ఆమె పక్కన పెట్టారు. ఊళ్లో ఏముంది, ఎవరి చేతుల్లో ఖాళీ ఉంది అని చూశారు. ఉన్నది అరటి. చేతులు ఆడవాళ్లవి.

అరటితోట సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గెల కోసేశాక చెట్టుతో పని లేదు. బోదెను నరికి గట్టు మీద పడేస్తారు, కుళ్లిపోతుంది. ఆ బోదె పొరలు విప్పి ఎండబెడితే గోధుమరంగు పట్టలు వస్తాయి. పట్టను సన్నగా చీల్చి, తడి చేసి, రెండు పాయలు పట్టుకుని అరచేతుల మధ్య నులిమితే తాడవుతుంది. మల్లెపూలు కట్టడానికి అరటినార వాడటం తెలుగునాట మామూలే. ఆ నారే ఇక్కడ చాపయింది, సంచి అయింది, బుట్ట అయింది, పళ్లెం కింద పెట్టుకునే అల్లిక అయింది. మగ్గం కొనక్కర్లేదు. కరెంటు పోతే ఆగదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా అరుగు మీద కూర్చుని తాడు పేనవచ్చు. పొలం కూలి దొరకని రోజుల్లోనూ చేతికి డబ్బు వస్తుంది. మొదట కొద్దిమందే నేర్చుకున్నారు. వాళ్లు పక్కింటివాళ్లకు నేర్పారు. వాళ్లు అల్లినవి ఆనెగొంది దాటి నగరాల దుకాణాలకు చేరాయి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఈ పని యాత్రికుల మీదే ఆధారపడలేదు. వాళ్లు వస్తే ఊళ్లో కొంటారు, రాకపోతే సరుకు బయటి ఊళ్లకు పోతుంది. కోవిడ్ కాలంలో వారసత్వ స్థలాల తలుపులు మూతపడ్డప్పుడు టికెట్ల మీద, గదుల మీద మాత్రమే బతికిన ఊళ్లు ఎంత నలిగాయో చూసినవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది.

రెండో పని ఇళ్లది. ఊళ్లోని పాత మట్టి గోడల ఇళ్లను కూలగొట్టకుండా, మట్టితోనూ సున్నంతోనూ బాగుచేసి కొన్నింటిని బసకు ఇచ్చారు. ఊరి పాత రూపం చెడలేదు. మట్టి గోడ మెత్తే మేస్త్రీకి పని దొరికింది. రాత్రి ఊళ్లో నిద్రపోయే యాత్రికుడు పొద్దున్నే ఊళ్లోనే టీ తాగుతాడు, పుట్టి ఎక్కుతాడు, ఊరి కుర్రాడి వెంట కొండ ఎక్కుతాడు. రెండు గంటల బస్సు తేలేనిది ఒక్క రాత్రి బస తెస్తుంది.

ఆనెగొందిలోనూ చిక్కులున్నాయి. పేరు పెరిగిన కొద్దీ నేల ధర పెరుగుతుంది, బయటివాళ్లు స్థలాలు కొంటారు. చేతిపనికి గిరాకీ తెచ్చే దారులు ఒకే సంస్థ చేతిలో ఉంటే ఆ సంస్థ అలిసిపోయిన రోజున పని కూడా ఆగుతుంది. అల్లిక తెలిసిన చేతులకు లెక్క రాయడం, బేరం చెప్పడం కూడా తెలియాలి. అది నేర్పడానికి అల్లిక నేర్పినదానికంటే ఎక్కువ ఓపిక కావాలి.

ఆనెగొందిలో ఊరి గురించి ఆలోచించింది ఒక చిత్రకారిణి. తవ్వినవాళ్లే ఊరి గురించి ఆలోచించిన చోటు పెరూలో ఉంది. అక్కడి ఉత్తర తీరంలో సాన్ హోసే దె మోరో అనే ఊరు మోచే నాగరికత నాటి శ్మశానం మీద ఉంది. 1991లో పురావస్తు శాస్త్రవేత్త లూయిస్ హైమె కాస్తియో బృందం అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. సమాధుల్లోని కుండలు దొంగతనంగా తవ్వి అమ్ముకోవడం పెరూలో పాత బెడద. 2010లో ఏర్పడిన సస్టెయినబుల్ ప్రిజర్వేషన్ ఇనీషియేటివ్ అనే సంస్థ తన తొలి ప్రయత్నాన్ని ఇక్కడే చేసింది. డబ్బంతా కంచెలకు పోయకుండా, ఊరి కుమ్మరి మోచే కుండల నమూనాలు చేసి అమ్ముకోవడానికి పనిశాల, వచ్చినవాళ్లు కూర్చుని చూడటానికి చోటు ఏర్పాటు చేసింది. పాత కుండ నేలలో ఉంటేనే కొత్త కుండకు గిరాకీ ఉంటుంది. ఆ సంగతి తెలిసిన కుమ్మరి కంటే మంచి కాపలాదారు ఎవరుంటారు?

లేపాక్షి పేరు

తెలుగునాట ఒక విచిత్రం ఉంది. ఆంధ్రప్రదేశ్ హస్తకళల సంస్థ దుకాణాల పేరు లేపాక్షి. విభజన తర్వాత తెలంగాణ దుకాణాలకు గోల్కొండ పేరు వచ్చింది. రెండూ వారసత్వ స్థలాల పేర్లే. కొయ్యబొమ్మ కొన్నా, ఇత్తడి దీపం కొన్నా సంచి మీద ఆ పేరు ఉంటుంది. లేపాక్షి ఊరు మాత్రం హిందూపురం దగ్గర చిన్న ఊరుగానే ఉంది. విజయనగర కాలంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయం, పెద్ద నంది కలిసి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. వచ్చినవాళ్లు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తారు, నంది ముందు ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు.

వాళ్లు తల ఎత్తి చూడవలసింది మండపం పైకప్పు. అక్కడి బొమ్మల్లోని స్త్రీల చీరల మీద గళ్లు, చారలు, పూలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి. ధర్మవరం పట్టుచీరల అంచులకు ఆ నమూనాలే మూలమని నేతగాళ్లు చెబుతారు. ధర్మవరం దగ్గరే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. మేకతోలును శుభ్రం చేసి, వెలుగు సోకితే మెరిసేంత పల్చగా గీకి ఆరబెడతారు. రావణుడి పది తలల చుట్టూ చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా రంధ్రాలు కొడతారు. రంగు వేసి వెనక దీపం పెడితే నగలన్నీ ఆ రంధ్రాల్లోంచి మెరుస్తాయి. ఆటలు తగ్గాక ఆ చేతులే దీపాల తొడుగులు, గోడ బొమ్మలు చేయడం నేర్చుకున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. లేపాక్షి, ధర్మవరం, నిమ్మలకుంట ఒకే జిల్లాలో ఉన్నాయి. జటాయువు పడిన చోటుగా లేపాక్షిని చూడటానికి వచ్చిన కుటుంబం అదే సాయంత్రం జటాయువు పోరును తోలుబొమ్మల్లో చూడగలగాలి. ఆ ఏర్పాటుకు పెద్ద నిధి అక్కర్లేదు. మూడు ఊళ్లవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం కావాలి, గుడి దగ్గర తెరకట్టుకు చోటు కావాలి.

రామప్ప చెరువు

తెలుగు నేల మీద ఈ ఆలోచనకు పెద్ద పాఠం పాలంపేటలో ఉంది. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు. నీట తేలే ఇటుకల శిఖరం, ఇసుక నింపిన పునాది, నల్లరాతి మదనికలు అందరికీ తెలిసినవే. 2021 జులై 25న ఆ గుడి ప్రపంచ వారసత్వ స్థలమైంది. రుద్రుడు గుడితో ఆగలేదు. పక్కనే చెరువు తవ్వించాడు. ఊరు, చెరువు, గుడి కలిపి కట్టడం కాకతీయుల పద్ధతి. గుడికి దీపధూప నైవేద్యాలు జరగాలంటే పొలం పండాలి, పొలం పండాలంటే నీళ్లుండాలి. ఆ చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది. వారసత్వ స్థలం చుట్టూ ఉన్నవాళ్ల బతుకు బాగుపడాలనే మాట ఎనిమిది వందల ఏళ్ల కిందటే ములుగు అడవుల్లో చేసి చూపించారు.

ఇప్పుడు పాలంపేటకు రోడ్లు, పర్యాటక సౌకర్యాలు వస్తున్నాయి. రావలసిందే. కానీ ఒక సంగతి ముందే తేల్చుకోవాలి. వచ్చే కొట్ల సముదాయంలో కొట్లు ఎవరికి? వేలం పాడితే పట్నం డబ్బే గెలుస్తుంది. ఊరి మహిళా సంఘాలకు ముందుగా కేటాయిస్తే ఊరికి దక్కుతాయి. హైదరాబాదు నుంచి రామప్పకు వచ్చే దారిలోనే జనగామ దగ్గర పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద నగిషీ కొట్టే ఆ పనివాళ్ల ఊరిని 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. రామప్ప ముందున్న కొట్టులో పెంబర్తి రేకుపని ఉండాలి, దాని పక్కన చేసినవాళ్ల పేరుండాలి. ఎక్కడో అచ్చుపోసిన ప్లాస్టిక్ బొమ్మలు అమ్మడానికి ఆ గుడి ముందు చోటు ఇవ్వనక్కర్లేదు.

చేయవలసిన పనులు చిన్నవే. టికెట్టు పెట్టిన ప్రతి చోటా ఆ డబ్బులో ఒక భాగం గ్రామపంచాయతీకి చేరాలి, దాని లెక్క గ్రామసభలో చదవాలి. 300 మీటర్ల లోపు ఉన్న ఇళ్ల మరమ్మతు దరఖాస్తులు మండల కేంద్రంలోనే తీసుకోవాలి, ఏ రకం పైకప్పు, ఎంత ఎత్తు అనుమతిస్తారో బొమ్మలతో తెలుగులో గోడ మీద అంటించాలి. తవ్వకాల్లో కూలిపనికి వచ్చిన కుర్రవాళ్లకు దొరికిన వస్తువు ఏమిటో చెప్పాలి. ఆ చెప్పిన మాటలే రేపు వాళ్లను గైడ్లను చేస్తాయి. ఎవరినైనా ఖాళీ చేయించక తప్పకపోతే, వాళ్లు బతికే పని ఎక్కడ దొరుకుతుందో చూపించాకే గోడ మీద చేయి వేయాలి. హంపి బజారు కుటుంబాలకు ఈ ఒక్కటి జరిగి ఉంటే ఆ వీధి చరిత్ర వేరుగా ఉండేది.

బడి కూడా ఇందులో భాగం కావాలి. వెంకటరామయ్య గారు పంతులు కాబట్టే ఆ స్తంభం విలువ ఆయనకు తెలిసింది, దాన్ని ఎవరికి చెప్పాలో కూడా తెలిసింది. ప్రతి వారసత్వ గ్రామం బడిలో ఒక పుస్తకం ఉంచి, ఊళ్లోని వీరగల్లులు, శాసనాలు, పాత బావులు, చేతిపనులు తెలిసిన ఇళ్లు అందులో పిల్లల చేత రాయించవచ్చు. రేపు ఊళ్లో ఏ పథకం వచ్చినా ఆ పుస్తకం ముందు పెట్టి మాట్లాడవచ్చు.

రామప్ప చూడటానికి వచ్చిన మనిషికి మధ్యాహ్నం గుడిలోంచి బయటికి వచ్చేసరికి ఆకలి వేస్తుంది. పాలంపేటలో ఒక ఇంటి అరుగు మీద విస్తరి వేసి, రామప్ప చెరువు కింద పండిన బియ్యంతో వండిన అన్నం, పప్పు, చింతపండు చారు ఆ ఇంటి ఇల్లాలు వడ్డించగలగాలి. అందుకు ఆమెకు కావలసినవి ఒక అనుమతి కాగితం, సంఘం నుంచి చిన్న అప్పు, గుడి దారిలో ఇల్లు ఎటో చూపే తెలుగు బోర్డు. వచ్చే గ్రామసభలో మాట్లాడే అంశాల్లో ఈ మూడింటినీ రాయించవచ్చు.